మోకాలి ఎక్స్‌రే: ఊరికో ధర, సెంటర్‌కో లెక్క ఎందుకు?

మోకాలి నొప్పితో ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లిన వాళ్లలో చాలామంది చేతికి మొదట వచ్చే చీటీ ఎక్స్‌రేదే. అది తీయడానికి పట్టే సమయం ఐదు నిమిషాలు. యంత్రం పనిచేసే సూత్రం అన్నిచోట్లా ఒకటే. ధర మాత్రం ఒకటి కాదు. ఒక మోకాలికి రెండు ఎక్స్‌రేలు తీస్తే చిన్న పట్టణంలోని సెంటర్‌లో మూడు నాలుగు వందల రూపాయలతో పని అయిపోవచ్చు. నగరంలోని కార్పొరేట్ ఆస్పత్రిలో అదే పనికి వెయ్యి దాటడం మామూలే. ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగానో, నామమాత్రపు రుసుముతోనో జరిగిపోతుంది.

వైద్య ఖర్చులన్నిటిలో ఇది చిన్నదే. కానీ దినసరి కూలికి ఒక రోజు సంపాదన ఇందులో పోతుంది. పైగా మోకాలి అరుగుదల ఒక్క ఎక్స్‌రేతో ముగిసే జబ్బు కాదు. డాక్టర్ మారినప్పుడల్లా, నొప్పి ముదిరినప్పుడల్లా మళ్లీ తీయిస్తారు. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం 2021-22లో దేశంలో మొత్తం ఆరోగ్య వ్యయంలో 39.4 శాతం ప్రజలు నేరుగా తమ జేబులోంచి పెట్టిందే. ఓపీలో చేయించుకునే పరీక్షల డబ్బు ఎక్కువగా ఈ పద్దులోకే వస్తుంది. కాబట్టి ఈ ధర ఎలా తయారవుతుందో, అందులో న్యాయమైన తేడా ఎంతో, కానిది ఎంతో తెలుసుకోవడం అవసరం.

‘ఒక ఎక్స్‌రే’ అంటే ఎన్ని?

ధరలు పోల్చేటప్పుడు జరిగే మొదటి పొరపాటు ఇక్కడే ఉంది. మోకాలి ఎక్స్‌రే అనేది ఒకే వస్తువు కాదు. ఏ వైపు నుంచి తీశారన్నదాన్ని ‘వ్యూ’ అంటారు. ముందు నుంచి తీసేది ఏపీ వ్యూ, పక్క నుంచి తీసేది లేటరల్ వ్యూ. మామూలుగా డాక్టర్లు ఈ రెండూ రాస్తారు. మోకాలి చిప్ప దగ్గర నొప్పి ఉంటే కాలు మడిచి చిప్పను పైనుంచి చూపే ‘స్కైలైన్’ వ్యూ కూడా అడుగుతారు. కీలు మార్పిడి ఆపరేషన్‌కు ముందు తుంటి నుంచి చీలమండ దాకా కాలు మొత్తాన్ని ఒకే చిత్రంలో చూపే పొడవాటి ఎక్స్‌రే కావాలి. కాలు ఎంత వంకర తిరిగిందో కొలవడానికి ఇది పనికొస్తుంది. దీనికి ప్రత్యేక ఏర్పాటు ఉండాలి కాబట్టి ధరా ఎక్కువే.

కొన్ని సెంటర్లు వ్యూకు ఇంత అని లెక్క కడతాయి. కొన్ని మోకాలికి ఇంత అంటాయి. మరికొన్ని ఫిల్ముకు ఇంత అంటాయి. ఒకచోట ‘250 రూపాయలు’ అన్నది ఒక్క వ్యూకు కావచ్చు. మరోచోట ‘450’ అన్నది రెండు వ్యూలకూ రిపోర్టుతో కలిపి కావచ్చు. మొదటిది చౌక అనిపిస్తుంది, బిల్లు చేతికి వచ్చాక 500 అవుతుంది.

రెండు మోకాళ్లూ తీయించుకునే వాళ్లకు ఇంకో మెలిక ఉంది. మనిషిని నిలబెట్టి ముందు నుంచి తీస్తే రెండు మోకాళ్లూ ఒకే చిత్రంలో వస్తాయి. పక్క నుంచి మాత్రం దేనికది విడిగా తీయాలి. అంటే మొత్తం మూడుసార్లు తీస్తే సరిపోతుంది. కొన్నిచోట్ల బిల్లు మాత్రం నాలుగు వ్యూలకు పడుతుంది. ఇది ఎప్పుడూ మోసమని చెప్పలేం. మోకాలిని యూనిట్‌గా పెట్టుకున్న సెంటర్‌లో లెక్క అలాగే వస్తుంది. అడిగితే తప్ప ఆ సంగతి బయటపడదు.

నిలబడి తీసిందా, పడుకోబెట్టి తీసిందా?

ధరలో కనిపించకపోయినా అసలు ఖర్చును నిర్ణయించే విషయం ఇది. మోకాలి కీలులో రెండు ఎముకల మధ్య మృదులాస్థి ఉంటుంది. జనం వాడుకలో ‘గుజ్జు’ అనేది దాన్నే. మృదులాస్థి ఎక్స్‌రేలో కనబడదు. ఎముకల మధ్య ఎడం ఎంత మిగిలిందన్నదాన్ని బట్టి అది ఎంత అరిగిందో డాక్టర్ అంచనా వేస్తారు. మనిషి పడుకున్నప్పుడు కీలు మీద బరువు పడదు. ఎడం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. నిలబడితే శరీరం బరువుకు అసలు ఎడం తేలుతుంది. అందుకే అరుగుదల అనుమానం ఉంటే నిలబెట్టి తీయాలి.

అరుగుదలను 0 నుంచి 4 వరకు గ్రేడ్లుగా చెప్పే పద్ధతిని కెల్‌గ్రెన్, లారెన్స్ అనే వైద్యులు 1957లో ప్రతిపాదించారు. నేటికీ రిపోర్టుల్లో ‘గ్రేడ్ 2’, ‘గ్రేడ్ 4’ అని కనిపించేది దాదాపుగా ఆ లెక్కే. పడుకోబెట్టి తీసిన చిత్రంతో ఆ గ్రేడు తప్పు రావచ్చు. అప్పుడు పెద్దాస్పత్రిలో మళ్లీ తీయాలంటారు. తక్కువ ధరకు తీయించామనుకున్నది రెండోసారి బిల్లుతో ఖరీదవుతుంది.

ఫిల్ము కాలం, డిజిటల్ కాలం

ధరలో తేడాకు రెండో కారణం యంత్రం. ఇప్పుడు వాడుకలో మూడు తరాల పద్ధతులు ఉన్నాయి. మొదటిది చీకటి గదిలో రసాయనాలతో కడిగే పాత ఫిల్ము. ఇది చాలావరకు కనుమరుగైంది. రెండోది సీఆర్, అంటే కంప్యూటెడ్ రేడియోగ్రఫీ. పాత యంత్రానికే ఫిల్ము బదులు ప్రత్యేకమైన ప్లేటున్న క్యాసెట్ పెడతారు. ఆ ప్లేటును రీడర్‌లో పెడితే చిత్రం కంప్యూటర్‌లోకి వస్తుంది. మూడోది డీఆర్, అంటే డిజిటల్ రేడియోగ్రఫీ. ఇందులో ఫ్లాట్ ప్యానెల్ డిటెక్టర్ ఉంటుంది. బటన్ నొక్కిన కొన్ని క్షణాల్లోనే చిత్రం తెరమీద కనబడుతుంది.

ఉన్న యంత్రానికి సీఆర్ తగిలించుకోవడం తక్కువ పెట్టుబడితో అయిపోతుంది. డీఆర్‌కు పెట్టుబడి ఎక్కువ. అందుకని చిన్న పట్టణాల్లో సీఆర్, నగరాల్లో డీఆర్ ఎక్కువగా కనిపిస్తాయి. బోర్డు మీద మాత్రం రెండింటికీ ‘డిజిటల్ ఎక్స్‌రే’ అనే రాస్తారు. మోకాలి లాంటి ఎముకల పరీక్షకు సక్రమంగా తీసిన సీఆర్ చిత్రమూ సరిపోతుంది. డీఆర్‌కు ఎక్కువ ధర ఇచ్చినంత మాత్రాన నిర్ధారణ మెరుగుపడుతుందని లేదు. కాలు సరైన కోణంలో పెట్టారా, నిలబెట్టారా అన్నదే ముఖ్యం. ఆ పని టెక్నీషియన్ నైపుణ్యం మీద ఆధారపడి ఉంటుంది.

డిజిటల్ వచ్చాక ఫిల్ము అవసరం నిజానికి తగ్గింది. అయినా చేతికి ఫిల్ము ఇవ్వకపోతే పరీక్ష చేసినట్టు అనిపించని రోగులు ఎక్కువ. చాలామంది డాక్టర్లూ ఫిల్మునే లైట్ పెట్టె మీద చూస్తారు. డ్రై లేజర్ ఫిల్ము చౌకైన సరుకు కాదు. పెద్ద సైజు ఫిల్ము వాడితే ఖర్చు పెరుగుతుంది. రెండు చిత్రాల్ని ఒకే ఫిల్ము మీద సగం సగం ముద్రిస్తే తగ్గుతుంది.

గది, లైసెన్సు, జీతాలు

ఒక్కో ఎక్స్‌రేకు అదనంగా అయ్యే ఖర్చు, అంటే ఫిల్ము, కరెంటు లాంటివి, ధరలో కొంత భాగమే. మిగతాదంతా రోగి వచ్చినా రాకపోయినా సెంటర్ భరించాల్సిన ఖర్చు.

ఎక్స్‌రే యంత్రం రేడియేషన్ పరికరం. దేశంలో దాన్ని నడపాలంటే అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ లైసెన్సు ఉండాలి. 1962 అణుశక్తి చట్టం కింద 2004లో వచ్చిన రేడియేషన్ రక్షణ నిబంధనలు దీనికి ఆధారం. గది గోడలు రేడియేషన్‌ను ఆపేంత మందంగా ఉండాలి, తలుపుకు సీసపు రేకు వేయాలి. సిబ్బంది ఒంటి మీద ఎంత రేడియేషన్ పడిందో లెక్కించే టీఎల్‌డీ బ్యాడ్జీలు ఇవ్వాలి. యంత్రానికి నిర్ణీత గడువుల్లో నాణ్యత పరీక్షలు చేయించాలి. వీటికి తోడు అద్దె, టెక్నీషియన్ జీతం, బ్యాంకు వాయిదాలు, నిర్వహణ కాంట్రాక్టు ఉంటాయి.

లెక్క అర్థం కావడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒక సెంటర్‌కు నెలకు ఇలాంటి స్థిర ఖర్చు లక్షన్నర రూపాయలనుకుంటే, నెలకు 300 ఎక్స్‌రేలు తీసినప్పుడు ఒక్కోదాని మీద 500 రూపాయలు పడుతుంది. 1,500 తీస్తే 100 రూపాయలే పడుతుంది. రద్దీగా ఉండే సెంటర్ చౌకగా ఇవ్వగలగడానికీ, ఖాళీగా ఉండే సెంటర్ ఇవ్వలేకపోవడానికీ కారణం ఇదే. పోటీ ఎక్కువున్న బజారులో ధర తగ్గుతుందని అంటారు. కానీ నాలుగు సెంటర్లు ఉన్న కొద్దిమంది రోగుల్నే పంచుకుంటే ఒక్కో ఎక్స్‌రే మీద భారం పెరగనూ వచ్చు.

పన్ను సంగతీ ఇందులో ఉంది. రోగనిర్ధారణ సేవకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి రోగి బిల్లులో పన్ను ఉండదు. అయితే సెంటర్ కొనే యంత్రం, ఫిల్ముల మీద జీఎస్టీ కట్టాలి. సేవ మీద పన్ను లేదు కాబట్టి ఆ కట్టిన పన్నును తిరిగి సర్దుబాటు చేసుకునే వీలు లేదు. అది కూడా చివరికి ధరలోనే కలుస్తుంది.

చదివేదెవరు?

చిత్రం తీయడం ఒక పని, దాన్ని చదివి రిపోర్టు రాయడం మరో పని. చిత్రం తీసేది టెక్నీషియన్, రిపోర్టు రాసేది రేడియాలజిస్టు. చిన్న సెంటర్లలో చాలాసార్లు ఫిల్ము ఒక్కటే చేతికిచ్చి పంపుతారు. పంపిన ఎముకల డాక్టరే దాన్ని చూసుకుంటారు. రిపోర్టు కావాలంటే అదనపు రుసుము అంటారు. పెద్ద సెంటర్లలో రిపోర్టు కలిపే ధర చెబుతారు.

రేడియాలజిస్టులు ఎక్కువగా నగరాల్లోనే ఉంటారు. చిన్న ఊళ్లలో తీసిన చిత్రాల్ని ఇంటర్నెట్ ద్వారా నగరంలోని నిపుణులకు పంపి రిపోర్టు తెప్పించే టెలీరేడియాలజీ ఈ కొరతను కొంత తీర్చింది, ఖర్చునూ తగ్గించింది. మామూలు అరుగుదలకు ఎముకల డాక్టర్ స్వయంగా చూస్తే చాలనుకోవచ్చు. దెబ్బ తగిలినప్పుడు, వాపు తగ్గనప్పుడు, ఎముకలో గడ్డ అనుమానం ఉన్నప్పుడు రేడియాలజిస్టు రిపోర్టుకు పెట్టిన డబ్బు వృథా కాదు.

పంపిందెవరు?

ధరలో బయటికి కనిపించని భాగం ఇదే. రోగిని పంపినందుకు డాక్టర్‌కో, ఊళ్లోని ఆర్‌ఎంపీకో సెంటర్ ఇచ్చే కమీషన్ గురించి తెలియనివారు తక్కువ. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి నైతిక నియమావళిలోని 6.4 నిబంధన దీన్ని స్పష్టంగా నిషేధించింది. రోగిని పంపినందుకు డాక్టర్ బహుమతి గానీ, కమీషన్ గానీ ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. దాని స్థానంలో జాతీయ వైద్య కమిషన్ 2023లో తెచ్చిన కొత్త నియమావళి అదే నెలలో నిలిచిపోయింది. దాంతో 2002 నిబంధనలే అమల్లో ఉన్నాయి.

ఆ నియమావళి డాక్టర్లకు వర్తిస్తుంది. డిగ్రీ లేని ఆర్‌ఎంపీలకు, వ్యాపార సంస్థగా నడిచే సెంటర్లకు వర్తించదు. 2017లో మహారాష్ట్ర ప్రభుత్వం ఈ ‘కట్ ప్రాక్టీస్’ మీద ప్రత్యేక చట్టం కోసం ముసాయిదా తయారు చేయించింది. అది చట్టంగా అమల్లోకి రాలేదు.

కమీషన్ రెండు రకాలుగా రోగి మీద పడుతుంది. మొదటిది, ఆ మొత్తం ధరలోనే కలిసి ఉంటుంది. ఎవరూ పంపకుండా నేరుగా వెళ్లి బేరమాడితే కొన్ని సెంటర్లు వెంటనే ధర తగ్గించడంలోని రహస్యం ఇదే. రెండోది, అవసరం లేని పరీక్ష కూడా రాసే ప్రలోభం ఏర్పడుతుంది. ధర తేడాల్లో గది, యంత్రం, నిపుణుడి ఫీజు వల్ల వచ్చేదాన్ని సమర్థించవచ్చు. దీనివల్ల వచ్చేదాన్ని సమర్థించలేం.

ఇంప్లాంటుకు పరిమితి ఉంది, ఎక్స్‌రేకు లేదు

మోకాలి విషయంలోనే ప్రభుత్వం ఒక ధరను గట్టిగా నియంత్రించింది. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల ప్రాధికార సంస్థ మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధరలు ప్రకటించింది. అప్పటిదాకా సగటున లక్షన్నర దాటి ఉన్న కోబాల్ట్-క్రోమియం ఇంప్లాంటుకు జీఎస్టీ కాకుండా 54,720 రూపాయల పరిమితి పెట్టింది. ఇంప్లాంటు చట్టం దృష్టిలో ఔషధం కిందికి వస్తుంది కాబట్టి అది సాధ్యమైంది. ఎక్స్‌రే తీయడం వస్తువు కాదు, సేవ. ఔషధ ధరల ఉత్తర్వు దాని మీద పనిచేయదు.

సేవల ధరలకు ఉన్న దారి వేరు. 2010లో పార్లమెంటు క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం చేసింది. 2012లో వచ్చిన దాని నిబంధనల్లో తొమ్మిదోది రెండు మాటలు చెబుతుంది. ఆస్పత్రులు, పరీక్షా కేంద్రాలు తమ ధరల్ని స్థానిక భాషలోనూ ఇంగ్లిషులోనూ అందరికీ కనిపించేలా ప్రదర్శించాలి. కేంద్రం రాష్ట్రాలతో సంప్రదించి నిర్ణయించే పరిధిలోనే వసూలు చేయాలి. ఈ రెండో మాట ఏళ్లు గడిచినా కాగితం దాటలేదు.

ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో దీని మీదే కేంద్రాన్ని నిలదీసింది. ఒక కంటి శుక్లం ఆపరేషన్ ప్రభుత్వ ఆస్పత్రిలో 10 వేల రూపాయలలోపు అయితే, ప్రైవేటులో 30 వేల నుంచి లక్షా 40 వేల దాకా ఉంటోందన్న వాదన ఆ కేసులో ముందుకొచ్చింది. రాష్ట్రాలతో మాట్లాడి ధరలు ఖరారు చేయాలని, లేకపోతే మధ్యంతరంగా సీజీహెచ్‌ఎస్ రేట్లు అమలు చేయాలన్న పిటిషనర్ల కోరికను పరిశీలిస్తామని కోర్టు చెప్పింది. ఒకే ధర అన్నిచోట్లా సాధ్యం కాదని ప్రైవేటు ఆస్పత్రుల వాదన. పైన చూసిన స్థిర ఖర్చుల లెక్క ప్రకారం ఆ వాదనలో కొంత నిజం ఉంది. కానీ ధర ఎంతో ముందే చెప్పడానికి ఆ వాదన అడ్డు రాదు.

కేంద్ర చట్టం ఆరోగ్యం రాష్ట్రాల అంశం కావడంతో ఆమోదించిన రాష్ట్రాల్లోనే అమలవుతుంది. పశ్చిమ బెంగాల్ 2017లో, కేరళ 2018లో సొంత చట్టాలు చేసుకున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇంకా ముందే, 2002లో, ప్రైవేటు వైద్య సంస్థల నమోదు, నియంత్రణకు చట్టం చేసింది.

పోల్చుకోవడానికి ఒక కొలబద్ద

కేంద్ర ఉద్యోగులు, పింఛనుదారుల కోసం ఉన్న సీజీహెచ్‌ఎస్ రేట్ల పట్టిక అందరికీ అందుబాటులో ఉన్న కొలబద్ద. చాలా ఏళ్లు పాత రేట్లతో నడిచిన ఈ పట్టికను 2025 అక్టోబరు 13 నుంచి దాదాపు 2,000 పరీక్షలు, చికిత్సలకు సవరించారు. నగరం స్థాయిని బట్టి రేటు మారుతుంది. మొదటి శ్రేణి నగరాల కంటే రెండో శ్రేణిలో 10 శాతం, మూడో శ్రేణిలో 20 శాతం తక్కువ. ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు లేని ఆస్పత్రులకు 15 శాతం తక్కువ.

అంటే ఊరిని బట్టి, నాణ్యత గుర్తింపును బట్టి ధర మారవచ్చని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఎంత మారవచ్చో కూడా చెప్పింది. ఈ లెక్కలో తేడా పదుల శాతంలోనే ఉంది. బజారులో కనిపించే తేడా రెండింతలు, మూడింతలు. ఆ మిగిలిన తేడాకే జవాబు అడగాల్సి ఉంది. సాధారణ రోగికి సీజీహెచ్‌ఎస్ రేటు ఇవ్వాలన్న బాధ్యత సెంటర్‌కు లేదు. చెప్పిన ధర ఎంత దూరంలో ఉందో చూసుకోవడానికి మాత్రం పట్టిక పనికొస్తుంది.

ఖర్చు లేకుండా ఎక్కడ?

జాతీయ ఆరోగ్య మిషన్ 2015లో ఉచిత రోగనిర్ధారణ సేవల కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. టెలీరేడియాలజీ అందులో భాగం. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచిత పరీక్షల పథకం నడిచింది. తెలంగాణలో 2018లో హైదరాబాద్‌లో రక్త పరీక్షలతో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ తర్వాత ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ వంటి వాటికీ విస్తరించింది. జిల్లా ఆస్పత్రులు, ఏరియా ఆస్పత్రులు, బోధనాస్పత్రుల్లో ఎక్స్‌రే విభాగం ఉంటుంది. అక్కడి అసలు ధర రూపాయల్లో ఉండదు, సమయంలో ఉంటుంది. వరుసలో సగం రోజు పోతే కూలి పోతుంది. టెక్నీషియన్ లేకనో, యంత్రం మరమ్మతులోనో ఉంటే బయటికి రాస్తారు. నెలకు 21,000 రూపాయలలోపు వేతనం ఉండి ఈఎస్‌ఐ కట్టే కార్మికులకు, వారి కుటుంబాలకు ఈఎస్‌ఐ వైద్యశాలల ద్వారా ఈ పరీక్ష ఉచితం.

బీమా విషయంలో చాలామందికి అపోహ ఉంది. ఆయుష్మాన్ భారత్ ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సకే వర్తిస్తుంది. చేరడానికి ముందు 3 రోజులు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల పరీక్షలు అందులో కలుస్తాయి. నొప్పి మొదలైనప్పుడు ఓపీలో తీయించుకునే ఎక్స్‌రే ఖర్చు దాని కిందికి రాదు. ప్రైవేటు బీమా పాలసీల్లోనూ ఓపీ కవరేజీ విడిగా తీసుకుంటే తప్ప అదే పరిస్థితి. ఆపరేషన్‌కు ముందు తీయించిన ఎక్స్‌రే బిల్లు పాలసీలో చెప్పిన గడువులోపుదైతే క్లెయిమ్ చేసుకోవచ్చు. కాబట్టి బిల్లులు దాచుకోవాలి.

అసలు అవసరమా?

అన్నిటికంటే చౌకైన ఎక్స్‌రే అవసరం లేక తీయించుకోనిదే. బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాల ప్రకారం 45 ఏళ్లు దాటినవారికి, కదిలినప్పుడు నొప్పి ఉండి, పొద్దున లేవగానే బిగుతు లేకపోయినా, ఉన్నా అది అరగంట మించకపోయినా, ఎక్స్‌రే లేకుండానే అరుగుదలగా నిర్ధారించవచ్చు. ఎక్స్‌రేలో అరుగుదల ఎక్కువగా ఉన్నవారికి నొప్పి తక్కువ ఉండవచ్చు. తక్కువ ఉన్నవారికి నొప్పి ఎక్కువ ఉండవచ్చు. మొదటి దశలో చికిత్స ఎటూ తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గడం, నొప్పి మందులే.

దెబ్బ తగిలినప్పుడు ఎవరికి ఎక్స్‌రే కావాలో చెప్పడానికి కెనడాలో 1990ల్లో రూపొందిన ‘ఒట్టావా మోకాలి సూత్రం’ ఉంది. వయసు 55 లేదా ఆపైన ఉండటం, మోకాలి చిప్ప మీద మాత్రమే నొక్కితే నొప్పి రావడం, మోకాలి కింద బయటివైపు చిన్న ఎముక తల మీద నొప్పి ఉండటం, మోకాలిని 90 డిగ్రీలు మడవలేకపోవడం, నాలుగు అడుగులు కూడా వేయలేకపోవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎక్స్‌రే తీయాలి. ఏదీ లేకపోతే ఎముక విరిగే అవకాశం చాలా తక్కువ.

రేడియేషన్ భయంతో అవసరమైన ఎక్స్‌రే మానుకోవాల్సిన పని లేదు. మోకాలి ఎక్స్‌రేలో శరీరానికి అందే మోతాదు అతి స్వల్పం. ప్రకృతిలో సహజంగా ఒక్క రోజులో అందే రేడియేషన్ కంటే కూడా తక్కువ.

అమెరికా వెళ్లిన తల్లిదండ్రుల సంగతి

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన తెలుగు తల్లిదండ్రుల్లో మోకాళ్ల నొప్పులు ఉన్నవారు తక్కువేం కాదు. అక్కడ ఇదే ఎక్స్‌రే బిల్లు మరో రకంగా ఉంటుంది. ఒకటి రెండు వ్యూలకు 73560, మూడు వ్యూలకు 73562, నాలుగు లేదా అంతకు మించితే 73564 అని కోడ్లు ఉంటాయి. చిత్రం తీసినందుకు ఒక బిల్లు, చదివినందుకు మరో బిల్లు విడిగా రావచ్చు. ఆస్పత్రి అత్యవసర విభాగంలో తీయిస్తే దాని సొంత రుసుము అదనం. అందుకే విడిగా నడిచే ఇమేజింగ్ సెంటర్ కంటే ఆస్పత్రిలో బిల్లు ఎన్నో రెట్లు రావచ్చు.

2021 జనవరి నుంచి అక్కడి ఆస్పత్రులు తమ ధరల్ని బయటపెట్టాలి. 2022 నుంచి బీమా లేనివారికి, సొంతంగా కట్టుకునేవారికి ముందస్తు అంచనా రాతపూర్వకంగా ఇవ్వాలి. బిల్లు ఆ అంచనాను 400 డాలర్లు లేదా అంతకు మించి దాటితే ఫిర్యాదు చేయవచ్చు. సందర్శకుల బీమా పాలసీలు చాలావరకు పాత జబ్బులకు వర్తించవు. ఇండియాలో మొదలైన మోకాలి నొప్పిని పాత జబ్బుగానే లెక్కిస్తారు. ఇటీవలి ఎక్స్‌రేను డిజిటల్ ఫైలుగా వెంట తీసుకెళ్లడం మేలు.

చీటీ చేతికి వచ్చాక

జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం, పరీక్షలు ఎక్కడ చేయించుకోవాలో ఎంచుకునే హక్కు రోగిదే అని చెబుతుంది. కేంద్ర ఆరోగ్య శాఖ దాన్ని అమలు చేయమని రాష్ట్రాలకు పంపింది. ‘ఫలానా సెంటర్‌లోనే తీయించాలి’ అంటే కారణం అడగవచ్చు. కారణం చిత్రం నాణ్యత అయితే దానికి విలువ ఉంది. అప్పుడు ఎలాంటి చిత్రం కావాలో చీటీ మీద రాయమంటే సరిపోతుంది.

సెంటర్‌లో ‘ఎక్స్‌రే ఎంత?’ అని అడిగితే పోల్చడానికి వీలైన జవాబు రాదు. ‘రెండు మోకాళ్లు, నిలబెట్టి ముందు నుంచి, విడివిడిగా పక్క నుంచి, ఫిల్ము, రిపోర్టు కలిపి మొత్తం ఎంత?’ అని అడిగితే వస్తుంది. అదే ప్రశ్న రెండు మూడు చోట్ల ఫోన్లో అడిగితే అసలు తేడా తెలుస్తుంది. డాక్టర్ చీటీ మీద ‘స్టాండింగ్’ అని రాశారో లేదో చూసుకోవాలి. లేకపోతే నిలబెట్టి తీయాలా అని అప్పుడే అడగాలి. ఫిల్ముతోపాటు చిత్రాన్ని డైకామ్ ఫైలుగా సీడీలోనో, లింకుగానో తీసుకోవాలి. వాట్సాప్‌లో పంపిన ఫొటోలో వివరాలు పోతాయి. బిల్లు మీద వ్యూల సంఖ్య రాయించుకోవాలి.

వేరే ఆస్పత్రికి వెళ్లినప్పుడు మళ్లీ తీయాలంటే ఎందుకో అడగడం తప్పు కాదు. పాతది పడుకోబెట్టి తీసిందైనా, ఆ తర్వాత చాలా నెలలు గడిచినా, ఆపరేషన్ కొలతలకు ప్రత్యేక గుర్తు పెట్టి తీయాల్సి ఉన్నా మళ్లీ తీయడంలో అర్థం ఉంది. ‘బయటివి మేం చూడం’ అన్నదొక్కటే కారణమైతే, రెండో బిల్లు వైద్యం కోసం కాదని రోగి గ్రహించాలి.